ఆదివారం పొద్దున అయిదుగురు రాలేదు: కూకట్‌పల్లి సూపర్ మార్కెట్ కేస్ స్టడీ

కూకట్‌పల్లి నుంచి నిజాంపేట వైపు పోయే దారిలో ఉందీ షాపు. పేరు అక్కర్లేదు. యజమానికి మియాపూర్‌లో ఇంకో బ్రాంచి ఉంది. కింద కిరాణా, కూరగాయలు, పాలు, పెరుగు. పై అంతస్తులో స్టీలు, ప్లాస్టిక్ సామాను, పూజ సామగ్రి. మేనేజర్, సెక్యూరిటీ కాక స్టాఫ్ 27 మంది. ఓపెనింగ్ షిఫ్టులో 12, క్లోజింగ్‌లో 12, హోమ్ డెలివరీకి ముగ్గురు. ఓపెనింగ్ వాళ్లు ఏడు నుంచి నాలుగు దాకా, క్లోజింగ్ వాళ్లు ఒకటిన్నర నుంచి పదిన్నర దాకా ఉంటారు. మధ్యలో గంట భోజనం.

ఇలాంటి షాపులకు రోస్టర్లు (ఎవరికి ఏ రోజు డ్యూటీ అనే పట్టీలు), స్టాక్ పద్ధతులు చూసిపెట్టడం నా పని. 2025 సెప్టెంబరు 7 ఆదివారం నేను అక్కడికి వెళ్లింది వేరే పని మీద. సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారుతున్నాయని నేను వెళ్లడానికి నాలుగు రోజుల ముందే ప్రకటన వచ్చింది. సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు, నెయ్యి అన్నిటి ధరలూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్చాలి. ఆ లిస్టు వేసుకుందామని పొద్దున్నే రమ్మన్నారు. లిస్టు జోలికి పోలేదు.

ముందు రోజు శనివారం గణేశ్ నిమజ్జనం. ఆ రాత్రి ఊళ్లో సగం మంది ట్యాంక్‌బండ్ మీదో, బస్తీ చెరువు దగ్గరో ఉన్నారు. మర్నాడు ఆదివారం, నెల మొదటి వారం, జీతాలు పడ్డ రోజులు. పైగా ఆ రాత్రే సంపూర్ణ చంద్రగ్రహణం. ఆరింటి నుంచీ వాట్సాప్ గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి. "అన్నా పానం బాగలేదు, ఇయ్యాల వస్తలేను." "ఫీవర్ అన్నా, లేస్తలేను." "మా అమ్మకు బీపీ డౌనైంది, హాస్పిటల్ పోతున్న." ఏడయ్యేసరికి లెక్క తేలింది: ఓపెనింగ్ 12 మందిలో అయిదుగురు లేరు. ఒక క్యాషియర్, కూరగాయల తూకం అబ్బాయి, ప్యాకింగ్ రూములో ఒకామె, ఫ్లోర్ కుర్రాళ్లు ఇద్దరు.

మేనేజర్ చేతిలో అప్పటికే ఫోన్ ఉంది. అన్ని షాపుల్లోనూ ఇదే చూస్తాను. జనం తక్కువయ్యారనగానే మొదటి ప్రశ్న "ఎవర్ని పిలుద్దాం?" అని. ఈ షాపులో పిలవడానికి ఎవరూ లేరు. శని, ఆదివారాలు ఎవరికీ వీక్లీ ఆఫ్ ఇవ్వకూడదని యజమాని పెట్టిన రూలు. వినడానికి బాగానే ఉంటుంది, గిరాకీ ఎక్కువున్న రోజు అందరూ ఉండాలి కదా అని. కానీ అందరూ డ్యూటీలోనే ఉన్న రోజు ఎవరైనా రాకపోతే బయట మిగిలినవాళ్లు సున్నా. ఇక మిగిలింది ఒక్కటే దారి, మధ్యాహ్నం రావాల్సినవాళ్లను పొద్దున్నే రప్పించి డబుల్ కొట్టించడం.

ఆ ఫోను కూడా ఎప్పుడూ ఒకే మనిషికి ముందు పోతుంది. ఇక్కడ ఆమె మూసాపేట నుంచి వచ్చే క్యాషియర్. కాదనదని అందరికీ తెలుసు. మేనేజర్ స్పీకర్‌లో పెట్టాడు. "అక్కా, జర తొందరగ రావా?" అటునుంచి కాసేపు మాట లేదు. "రాత్రి పన్నెండు దాకా నిమజ్జనం ట్రాఫిక్‌లనే ఉన్న అన్నా. సరే తీ, వస్త." ఆ శుక్రవారం కూడా ఆమె డబులే చేసిందని రిజిస్టర్ తీశాక తెలిసింది. ఇలా నెలకు మూడు నాలుగు డబుల్స్ చేసే మనిషి తర్వాతి వారం మంచాన పడుతుంది. అప్పుడు ఆమె బదులు ఇంకొకరు డబుల్ చేస్తారు. జబ్బు కంటే ఈ డబుల్ డ్యూటీయే స్టాఫ్‌లో వేగంగా అంటుకుంటుందని నా లెక్క. ఆమెకు మళ్లీ ఫోన్ చేయించి, ఎప్పటి టైముకే రమ్మని చెప్పించాను.

ముందు ఏ పని ఆపాలి

ఉన్న ఏడుగురితో ఏ పని నడవాలి, ఏది ఆగినా పర్వాలేదు అన్నది మొదట తేల్చుకోవాలి. మనుషుల సంగతి ఆ తర్వాత. మేనేజర్, నేనూ బిల్లు రోల్ వెనక్కి తిప్పి రాసుకున్నాం.

ఆగకూడనివి మూడు. ఒకటి, ఇన్‌వర్డ్. పాల ట్రేలు, పెరుగు డబ్బాలు షట్టర్ ముందు దిగి ఉన్నాయి. వాటిని చిల్లర్‌లోకి ఎక్కించకుండా మొదటి కస్టమర్‌ని చూసుకుంటే, మధ్యాహ్నానికి పులిసిన పెరుగు వెనక్కి వస్తుంది. రెండు, బిల్లింగ్. మూడోది చాలామంది మర్చిపోయేది, కూరగాయల తూకం. తూకం దగ్గర బార్‌కోడ్ స్టిక్కర్ పడకపోతే బిల్లు పడదు. తూకం మనిషి లేకపోతే కస్టమర్ టమాటా కవరు పట్టుకుని నేరుగా క్యాష్ కౌంటర్‌కి వస్తాడు, "తూకం వేయించుకు రండి సార్" అని క్యాషియర్ వెనక్కి పంపుతుంది, ఆయన తిరిగొచ్చేదాకా వెనకున్న ఎనిమిది ట్రాలీలు నిలబడతాయి. కౌంటర్ ఖాళీగానే ఉంటుంది, లైను మాత్రం కదలదు. మేనేజర్లు దీన్ని క్యాషియర్ల కొరత అనుకుని ఇంకో కౌంటర్ తెరుస్తారు. అదీ అలాగే ఆగుతుంది.

ఆపినవి చాలానే ఉన్నాయి. పై అంతస్తుకు మెట్ల దగ్గరే తాడు కట్టేశాం. అక్కడి అమ్మాయి కిందికి వచ్చింది. ప్యాకింగ్ రూములో కందిపప్పు, మినప్పప్పు లూజు ప్యాకింగ్ ఆపించాం. రాక్‌లో ఉన్నంత అమ్మడం, అయిపోతే బ్రాండ్ ప్యాకెట్ చూపించడం. గోడౌన్ నుంచి రాక్ నింపడం పదకొండు తర్వాతే. ఆఫర్ ట్యాగులు మార్చడం మరో రోజుకు. డెలివరీకి ఫోన్ చేసినవాళ్లకు "మధ్యాహ్నం రెండు తర్వాత పంపిస్తాం అండీ" అని చెప్పమన్నాం. డెలివరీ కుర్రాళ్లలో ఇద్దరు పొద్దున పూట కౌంటర్ల దగ్గర బ్యాగులు కట్టారు.

తూకానికి ఫ్లోర్‌లో ఉన్న ఒడిశా అబ్బాయిని పెట్టాం. అతనికి కోడ్‌లు కంఠతా వచ్చు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. ప్యాకింగ్ రూములో మిగిలినామె అతని పక్కన కూచుని ఉల్లి, ఆలు, టమాటా కిలో, రెండు కిలోల చొప్పున ముందే తూచి స్టిక్కర్ వేసి పెట్టింది. ఆదివారం తొంభై శాతం మంది కొనేవి ఆ మూడే అని చెప్పింది, ఆమె మాట మీద నాకు నమ్మకం. కొత్తిమీర, పుదీనా, పాలకూర కట్టల లెక్కన నేరుగా బిల్లుకే పంపాం. తూకం దగ్గర గుంపు పలచబడింది, రెండు కౌంటర్లే ఉన్నా లైను నడిచింది.

గ్రహణం సంగతి ముందు ఎవరి దృష్టికీ రాలేదు. రాత్రి దాదాపు పదింటికి పడుతుందంటే, సూతకం పాటించేవాళ్లు మధ్యాహ్నం లోపే సరుకులు తెచ్చుకుని, తొందరగా తినేస్తారు. ఎనిమిదింటికే "దర్భలున్నాయా?" అని ఒక పెద్దావిడ అడిగాక మాకు తట్టింది. ఆవకాయ జాడీ మీద వేయడానికి. అవి పై అంతస్తులో పూజ సామగ్రి దగ్గరుంటాయి. ఒక ట్రే కిందికి తెప్పించి క్యాష్ పక్కనే పెట్టాం. గిరాకీ పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ ఉండబోతోందని అర్థమయ్యాక, క్లోజింగ్ వాళ్లలో పన్నెండున్నరకు రాగలవాళ్లు ఎవరని గ్రూపులో అడిగాం. పేరు పెట్టి ఎవరినీ అడగలేదు. ఇద్దరు వచ్చారు. ముందొచ్చిన గంట లెక్కగట్టి వాళ్లను తొమ్మిదిన్నరకే పంపించేశాం, అప్పటికి షాపులో జనం లేరు.

లాగిన్

ఆ పొద్దున నన్ను నిజంగా కంగారు పెట్టింది లైను కాదు. మూడో కౌంటర్ తెరవడానికి మేనేజర్ ఒక ఫ్లోర్ కుర్రాడిని కూచోబెట్టి, రాని క్యాషియర్ లాగిన్‌తో సిస్టమ్ ఓపెన్ చేయబోయాడు. పాస్‌వర్డ్ కీబోర్డు కింద చీటీ మీద రాసి ఉంది. స్టాఫ్ తక్కువైన రోజుల్లో చాలా షాపుల్లో జరిగేదే ఇది.

రాత్రి క్యాష్ టాలీలో అయిదు వందలు తగ్గాయనుకోండి. సిస్టమ్‌లో ఉన్న పేరు జ్వరంతో ఇంట్లో పడుకున్నామెది. కూచున్న కుర్రాడు "నేను సరిగ్గానే ఇచ్చా" అంటాడు. యూపీఐ కస్టమర్ "పోయింది" అని స్క్రీన్ చూపించి వెళ్లిపోయాడు, సౌండ్ బాక్స్ మోగిందో లేదో ఆ గోలలో ఎవరూ వినలేదు. నెలాఖరున ఆ డబ్బు ఎవరి జీతంలో కోస్తారు? చివరికి ఇద్దరిలో ఎవరు తక్కువ మాట్లాడితే వాళ్ల దగ్గర. వచ్చే నెల ఆ మనిషి మానేస్తుంది, కొరత ఇంకొకటి పెరుగుతుంది.

కౌంటర్ తెరవనివ్వలేదు. రెండు కౌంటర్లతోనే నడిపి, ఒక్కో దానికి బ్యాగు కట్టే మనిషిని ఇచ్చాం. ఆ వారమే ఫ్లోర్ వాళ్లలో ఇద్దరికి సొంత లాగిన్, సొంత ఓపెనింగ్ క్యాష్ ఇచ్చి మధ్యాహ్నం ఖాళీ గంటల్లో నేర్పించారు.

కౌంటర్ దగ్గర ఇంకొకటి గమనించాను. ఇద్దరు క్యాషియర్లూ ఆడవాళ్లే. పదకొండు దాకా ఇద్దరి నీళ్ల సీసాలు మూత తీయకుండా ఉన్నాయి. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని తాగరు. ఇలాంటి రోజులు నాలుగైతే మళ్లీ సిక్ లీవే. పదిన్నరకు ఒకరు, పదకొండుకు ఒకరు లేచేలా మేనేజర్‌నే కౌంటర్‌లో కూచోమన్నాను. ఆయనకు లాగిన్ ఉంది. "నేను ఫ్లోర్ చూడాలి కదా సార్" అన్నాడు. ఆ అరగంట ఫ్లోర్ తనను తాను చూసుకుంది.

"జ్వరం తగ్గింది కదా, రా"

అయిదుగురిలో నిజంగా ఎవరికి జ్వరం, ఎవరిది నిమజ్జనం అలసట అని ఆ రోజు ఆరా తీయొద్దన్నాను. తర్వాత తెలిసినదేమంటే ఇద్దరికి నిజంగానే జ్వరం, అందులో తూకం అబ్బాయికి డెంగీ.

అతనికి నాలుగో రోజు జ్వరం దిగింది. మేనేజర్ ఫోన్ చేసి "తగ్గింది కదా, రేపు వచ్చేయ్, కూచునే పని ఇస్తా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కానీ డెంగీలో జ్వరం దిగే ఆ రోజులే అసలు గండం. ప్లేట్‌లెట్లు పడిపోయేదీ, కడుపునొప్పి, వాంతులు, రక్తస్రావం లాంటి ప్రమాద సూచనలు కనిపించేదీ మామూలుగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య, జ్వరం తగ్గాకే. వానాకాలం చివర హైదరాబాద్‌లో స్టాఫ్ చూసుకునే ప్రతి మేనేజర్‌కీ ఈ ఒక్క విషయం తెలిసి ఉండాలి. అబ్బాయి అదృష్టం, వాళ్లమ్మ పంపలేదు.

కడుపులో బాగోనివాళ్లను "ప్యాకింగ్‌లో కూచో" అనడం ఇంకా తప్పు. కోసిన పండ్లు, ఇడ్లీ పిండి, లూజు పప్పు పట్టుకునేవాళ్లకు వాంతులు, విరేచనాలు, జ్వరం, కామెర్లు ఉంటే ఆహారం ముట్టనివ్వకూడదని ఫుడ్ సేఫ్టీ 2011 లైసెన్సింగ్ నిబంధనల్లోని షెడ్యూల్ 4 చెబుతుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఫ్రేము కట్టించి క్యాష్ పైన గోడకు తగిలించినవాళ్లలో ఎంతమంది ఆ షెడ్యూల్ చదివారో నాకు అనుమానమే.

ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) గురించి స్టాఫ్‌కు తెలిసింది ఒక్కటే, జీతంలో కోత. నెలకు ₹21,000 లోపు జీతమున్నవాళ్లకు 0.75 శాతం వాళ్ల నుంచి, 3.25 శాతం యజమాని నుంచి పోతుంది. ₹16,000 జీతానికి అది ₹120, ₹520. దానికి బదులుగా సనత్‌నగర్ ఆస్పత్రే కాదు, కంట్రిబ్యూషన్ రోజులు సరిపడా ఉంటే జబ్బు రోజులకు సగటు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మొదటి రెండు రోజులు లెక్కలోకి రావు కాబట్టి ఒక రోజు జ్వరానికి అది పనికిరాదు, డెంగీకి పనికొస్తుంది. తూకం అబ్బాయికి సర్టిఫికెట్ రాయించి అప్లై చేయించాం. మిగతావాళ్లు ఆ పిల్లాడి ఫోన్లో డబ్బు పడ్డ మెసేజ్ చూశాకే నమ్మారు.

ఒక రోజు లీవుకు డాక్టర్ చీటీ అడిగే రూలు తీసేయించాను. ప్రైవేటు క్లినిక్‌లో చూపించుకుంటే పోయేది దాదాపు ఆ రోజు జీతం. బస్తీ దవాఖానాలో ఉచితమే కానీ, ఎలాగూ చీటీ తేవాలి కదా అని ఒకరోజు జ్వరంవాళ్లు రెండు రోజులు తీసుకుంటారు. దానికి బదులు ఒకటే షరతు: ఆరింటి లోపు ఫోన్ చేసి చెప్పాలి, గ్రూపులో మెసేజ్ పెట్టడం కాదు.

రిజిస్టర్ ఏం చెప్పింది

గత కొన్ని నెలల హాజరు పట్టీ తీసి, రాని రోజుల పక్కన ఆ వారంలో వాళ్లు అడిగిన ఆఫ్‌లు రాశాం. ఆదివారాలు, పండగ మర్నాళ్లు ఎలాగూ ఉంటాయి. మూడో రకం, ఆఫ్ అడిగి కాదనిపించుకున్న రోజులు. చెల్లెలి పెళ్లిచూపులకు, ఊళ్లో పెద్దకర్మకు, పిల్లల స్కూలు మీటింగుకు శనివారం ఆఫ్ అడిగితే లేదన్నారు. శనివారం పొద్దున జ్వరం. అబద్ధం చెప్పినందుకు కోపం తెచ్చుకోవచ్చు. నిజం చెబితే దొరకని సెలవు అబద్ధం చెబితే దొరుకుతుందని వాళ్లకు నేర్పింది ఆ రూలే. వారం ముందు తెలిసే గైర్హాజరీని ఆరింటి మెసేజ్‌గా మార్చింది షాపే.

రూలు మార్పించడానికి యజమానితో చాలా సేపు పట్టింది. చివరికి ఒప్పుకున్నది ఇదీ: ప్రతి ఆదివారం నలుగురికి ఆఫ్, వంతులవారీగా. అందులో ఇద్దరు స్టాండ్‌బై. ఎనిమిది దాకా ఫోన్ ఎత్తే దూరంలో ఉండాలి, పిలవకపోయినా కొంత డబ్బు ఇవ్వాలి. పిలిచే వరుస నోటీసు బోర్డు మీద ఉంటుంది. ఒకసారి వచ్చిన మనిషి పేరు అడుగుకి పోతుంది. స్టాండ్‌బైలో లేని రోజు ఫోన్ చేస్తే కాదనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మూసాపేట క్యాషియర్ పేరు రెండు నెలల పాటు వరుసలో చివరే ఉంచాం.

డబ్బు దగ్గర వాదన గట్టిగానే నడిచింది. ఆ జూలైలో రాష్ట్ర ప్రభుత్వం రోజుకు పది గంటల పనికి అనుమతిచ్చిందని యజమాని పేపర్లో చదివాడు. "ఇంకేంటి, షిఫ్టులే పది గంటలు చేద్దాం" అన్నాడు. ఆ ఉత్తర్వు వాణిజ్య సంస్థలకే, దుకాణాలకు వర్తించదని అందులోనే ఉంది. మనకు 1988 షాపుల చట్టమే: రోజుకు ఎనిమిది, వారానికి 48 గంటలు, పైన చేయిస్తే రెట్టింపు కూలి. కాంప్ ఆఫ్ (అదనపు పనికి బదులు సెలవు) ఇచ్చి సరిపెట్టడం మన షాపుల అలవాటే కానీ, ఆ రెట్టింపుకు అది బదులు కాదు. జబ్బుకో మరో సరైన కారణానికో ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు కూడా ఆ చట్టంలోదే. ఆ మాట విన్న ఫ్లోర్ కుర్రాళ్లు నన్ను అనుమానంగా చూశారు.

లెక్క కాగితం మీద వేసి చూపించాను. ₹16,000ను 26 రోజులకు పంచితే రోజుకు ₹615. నాలుగు గంటల ఓటీ (అదనపు పని) రెట్టింపు చొప్పున అంతే, ₹615. అంటే జీతం లేని లీవు పెట్టిన ప్రతి మనిషి మిగిల్చిన డబ్బుతో ఇంకొకరికి నాలుగు గంటల ఓటీ ఇవ్వొచ్చు, చేతి నుంచి ఏం పోదు. జీతంతో లీవైతే పోతుంది, అది ఏడాది మొదట్లోనే ఖర్చుల్లో వేసుకోవాల్సింది. యజమాని కాలిక్యులేటర్‌లో తనూ కొట్టి చూసుకుని, "ఇన్నాళ్లూ ఆ మిగిలిన డబ్బు ఎక్కడ పోయింది?" అని మేనేజర్ వైపు తిరిగాడు. పోలేదు, ఆయన గల్లాలోనే ఉంది.

22 తర్వాత

జీఎస్టీ మారిన సోమవారం కొత్త ఏర్పాటుకు మొదటి పరీక్ష. ఆదివారం రాత్రి షట్టర్ వేశాక ధరలు మార్చారు. బతుకమ్మ అప్పటికే మొదలైంది. పొద్దున ఇద్దరు రాలేదు, ఆరింటి లోపే ఫోన్ చేశారు. వరుసలో మొదటి ఇద్దరిలో ఒకామె వచ్చింది, రెండో అతను రానన్నాడు, మూడో మనిషి వచ్చాడు. పాత ఎంఆర్‌పీ ఉన్న సబ్బు పట్టుకుని "టీవీలో తగ్గిందన్నారు కదా" అని అడిగేవాళ్లతో ప్రతి బిల్లూ సాగింది. అయినా కౌంటర్లన్నీ సొంత లాగిన్లతోనే నడిచాయి. ప్యాకింగ్ మాత్రం చతికిలపడింది. వరుసగా ఆపుతూ పోయేసరికి బుధవారానికి లూజు కందిపప్పు రాక్ ఖాళీ, సద్దుల కోసం వచ్చినవాళ్లకు నువ్వుల ప్యాకెట్లు లేవు. ఏ పనైనా వరుసగా రెండు రోజులకు మించి ఆపకూడదని అప్పుడు రాసుకున్నాం. జేఎన్‌టీయూ దగ్గర హాస్టల్లో ఉండే ఇద్దరు విద్యార్థులను ఆదివారాలు నాలుగు గంటల చొప్పున ప్యాకింగ్‌కు తీసుకున్నారు, రిజిస్టర్లో పేర్లు ఎక్కించే.

మియాపూర్ బ్రాంచి నుంచి మనిషిని మెట్రోలో తెప్పించడం కాగితం మీద బాగుంది. నెల మొదటి ఆదివారం వాళ్లకూ అదే గతి కాబట్టి నెల మధ్యలోనే పనికొస్తోంది. క్లోజింగ్‌లో ఆడవాళ్ల సంగతి ఇంకా తేలలేదు. ఉచిత బస్సు ఉందని యజమాని అంటాడు, పదిన్నర తర్వాత నిజాంపేట రోడ్డు మీద బస్సు కోసం నిలబడి చూడమని వాళ్లంటారు. ప్రస్తుతానికి ఇద్దరిద్దరికి ఒక ఆటో, సగం షాపు ఖర్చు.

సంక్రాంతి రోస్టర్ ఇప్పుడు గోడ మీదుంది. శ్రీకాకుళం, గోదావరి జిల్లాల వాళ్లు తొమ్మిది మంది, అందరికీ అవే నాలుగు రోజులు కావాలి. నల్లగొండ, పాలమూరు వాళ్లు, ఒడిశా కుర్రాళ్లు ఆ రోజులు తాము చూసుకుంటామన్నారు, బదులుగా వచ్చే దసరాకు, రథయాత్రకు ఇప్పుడే పేర్లు రాయించుకున్నారు. భోగి రోజు క్లోజింగ్‌లో రెండు గళ్లు ఇంకా ఖాళీ. ఆ రెండింటికీ రోజు కూలితో పాటు ఓటీ ఎంతో బోర్డు మీదే రాయమన్నాను; యజమాని ఆదివారం దాకా టైము అడిగాడు.